ప్రసన్న మోకాలు

ఒక మాట ఏళ్ళుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నేనెవరో మీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పుకునే ధైర్యమే ఉంటే మీ దాకా వచ్చేదాన్ని కాదు.

ఒక ఆడపిల్ల మోకాలు నా వల్ల పోయింది. పొరపాటున కాదు. నిర్లక్ష్యంతో కూడా కాదు. తెలిసి చేశాను. ఆ పిల్ల మీద నాకు పగ లేదు. పగ వాళ్ళమ్మ మీద. తల్లిని కొట్టడానికి నాకు చెయ్యందక, బిడ్డ కాలు అందింది.

నేను తాండూరు వైపు ఒక సర్కారు బడిలో పీటీ టీచర్ని. ఆ పిల్ల పేరు ప్రసన్న. వాళ్ళమ్మ ఎస్తేరు. ముందు ఎస్తేరు గురించే చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. చెప్పిన తర్వాత అర్థమైనా, క్షమించమని కాదు.

ఇద్దరిదీ యాలాల్ దగ్గర ఒకే ఊరు. మా ఇంట్లో గొర్లు ఉండేవి, నాన్న మంద వెనకే తిరిగేవాడు. వాళ్ళది కూలీ ఇల్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. వాళ్ళింట్లో తినొద్దని అమ్మ అనేది. నేను అమ్మకు చెప్పకుండా తినేదాన్ని. ఇంటర్‌కు ఇద్దరం ఒకే బస్సులో తాండూరు పోయేవాళ్ళం, ఒకే జట్టులో కబడ్డీ ఆడేవాళ్ళం. నేను కూతకు పోతే తిరిగొచ్చే దాకా ఎస్తేరు రెప్ప వేసేది కాదు. అంత స్నేహం.

వికారాబాద్‌లో రాష్ట్ర క్యాంపుకు ఎంపికలు పెట్టారు. దానికి కొన్నాళ్ళ ముందు, ప్రాక్టీసులో నేను గిర్రున తిరగబోతే పాదం మట్టిలోనే నిలిచిపోయింది, ఒళ్ళు తిరిగింది. మోకాలి లోపల ‘టప్’మని ఏదో అన్నది. సాయంత్రానికి కుండలా వాచింది. అమ్మ బెల్లం, సున్నం కలిపి పట్టు వేసింది. వాపు తగ్గింది, నడక వచ్చింది. జారిపడ్డానని ఇంట్లో చెప్పాను. కాలేజీలో ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎస్తేరుకు తప్ప. ఆమె మా మంచం మీద కూర్చుని నా పిక్క పట్టుకుని మెల్లగా ముందుకు లాగి చూసింది. లోపల ఏదో కదులుతున్నదే అని ముఖం చిన్నబుచ్చుకుంది. ఎవరికన్నా చెప్పావంటే నిన్ను చంపేస్తా అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఎంపికల రోజు జట్టును ఎంచే సార్ నా పేరు పిలవబోతున్నాడు. ఎస్తేరు వరుసలోంచి బయటికొచ్చి ఆయన దగ్గరికి పోయి ఏదో చెప్పింది. ఆయన నన్ను పిలిచి, ఆ ఒంటికాలి మీద కుంటమన్నాడు. ఒకసారి కుంటాను. రెండోసారి కాలు నాది కానట్టు జారిపోయింది. అందరి ముందు పడ్డాను. ‘పోయి కూర్చో అమ్మా’ అన్నాడు సార్. నా బదులు ఎస్తేరును తీసుకున్నారు.

ఆమె క్యాంపుకు పోయింది, రాష్ట్రం జెర్సీ వేసుకుని వచ్చింది. ఆ తర్వాత నేను ఆమెతో మాట్లాడలేదు. బస్సులో వేరే సీటు చూసుకునేదాన్ని. వాళ్ళ బుద్ధే అంత అని నలుగురితో అన్నాను. అమ్మ అనే మాట అది, నేను అసహ్యించుకున్న మాట. నా ద్వేషంలో ఆ విషం కూడా కలిసిందని మీ దగ్గర దాచను.

తర్వాత జీవితం మమ్మల్ని వేరువేరుగా తిప్పింది. ఎస్తేరుకు పెళ్ళైంది, ఆట పోయింది. మొగుడు కరణ్‌కోట వైపు సిమెంటు పనికి, ఆమె తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్‌లో పనికి. నేను చదువుకుని, ట్రైనింగ్ చేసి, సర్కారు ఉద్యోగంలో చేరాను. ఎవరు గెలిచారు? నేనే కదా? అయినా బస్సు దిగేటప్పుడు ఆ మోకాలు ఎప్పుడన్నా ఒకసారి జారినట్టయ్యేది. జారినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది నేను పడ్డది కాదు, సార్ చెవిలో మాట్లాడుతున్న ఎస్తేరు వీపు. గెలిచినా చల్లారని పగను ఏమనాలి?

ప్రసన్న ఎనిమిదో తరగతిలో మా బడిలో చేరింది. అచ్చం తల్లి నడక. కోర్టులో దిగితే తల్లిని మించింది, నన్నూ మించింది. ఆ పిల్లకు నేను బాగానే నేర్పాను, అందులో మోసం లేదు. కానీ ఇంకొకటి కూడా ఉంది. తల్లిదండ్రుల మీటింగుకు ఎస్తేరు వచ్చేది. జుట్టులో రాతిపొడి, తల మీద కొంగు. ‘మేడం, మా పిల్లని జర చూస్కోండ్రి’ అనేది. ఆ ‘మేడం’ వినడానికి నాకు ఎంత తియ్యగా ఉండేదో! మీటింగు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. పాత సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పదో తరగతిలో, జిల్లా జట్టు ఎంపికలకు ఇంకా కొంత సమయం ఉందనగా, ప్రాక్టీసులో ప్రసన్న పడింది. పాదం నిలిచి ఒళ్ళు తిరిగింది. చూస్తూనే నా చెయ్యి నా మోకాలి మీదికి పోయింది. తాండూరులో ఎముకల డాక్టరు ఆ కాలును మడిచి, పిక్కను ముందుకు లాగి చూశాడు. ఎక్స్‌రేలో ఎముకలే కనబడతాయి, లోపల లిగమెంటు ఎంత తెగిందో, గుజ్జు ఎట్లా ఉందో తెలియాలంటే ఎమ్మారై తీయాల్సిందే అన్నాడు. వికారాబాద్‌కు రాసిచ్చాడు. ఎస్తేరు మొగుడు నడుము పట్టేసి మంచంలో ఉన్నాడు, ఆమెకు యూనిట్‌లో సెలవు దొరకలేదు. నేను తీసుకుపోతానన్నాను. ‘మీరుంటే నేనున్నట్టే మేడం’ అన్నది.

రైలులో పోయాం. స్కాన్ గది ముందు ప్రసన్న పట్టీలు, పిన్నులు, మెడలో సిలువ తీసి నా చేతిలో పెట్టింది. మిషన్ శబ్దానికి బెదిరింది. ‘బండలు కోసే మిషన్ లెక్కనే ఉంది మేడం’ అన్నది. అవీ, నా గాజులూ బయట పెట్టించి నన్ను కూడా లోపల ఉండనిచ్చారు. కదిలితే ఫోటో చెడుతుందని చెబితే, నేను ఆ పిల్ల కాలి వేళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఏం కాదు బిడ్డా, ఏం కాదు అని అంటూనే ఉన్నాను. ఆ ప్రేమ నాటకం కాదు. నాటకమైతే ఈ రోజు నా మీద నాకు ఇంత భయం ఉండేది కాదు.

అక్కడి స్కాన్ డాక్టరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. ప్రసన్న బయట బెంచీ మీద జామకాయ తింటోంది. ఆయన కంప్యూటర్ మీద బొమ్మ చూపించాడు. పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, మధ్యలో ఏటవాలుగా ఒక నల్లని పట్టీ, అదే లిగమెంటు. అది తాడులా బిగుతుగా, నల్లగా ఉండాలట. ఈ పిల్లకు మధ్యలో తెల్లగా మసకబారింది. సగం పోగులు తెగాయన్నాడు. ఎముకల చివర సన్నని పొర చూపించి, గుజ్జు మాత్రం నున్నగా ఉంది, ఎక్కడా లేవలేదు, అదృష్టం అన్నాడు. ఇప్పుడు ఆట ఆపి, మోకాలికి కట్టు కట్టి, వ్యాయామం చేయిస్తే నిలబడే అవకాశం ఉంది. కొన్ని నెలల తర్వాత మళ్ళీ స్కాన్ తీసి చూడాలి. ఆడిందా, మిగతా పోగులూ పోతాయి. కాలు పట్టు తప్పి జారినప్పుడల్లా గుజ్జు రాపిడికి చినుగుతుంది. అది ఒకసారి పోతే మళ్ళీ రాదు. ఇంత స్పష్టంగా చెప్పాడు. నాకు అర్థం కాలేదని ఏ కోర్టులోనూ అనలేను.

నేను ఆ బొమ్మనే చూస్తూ ఉండిపోయాను. ఇలాగే తెగి, స్కానూ మందూ లేకుండా నడిచేవాళ్ళు ఉంటారా అని అడిగాను. ఉంటారన్నాడు. తొడ కండలు గట్టిగా ఉంటే బతుకంతా నడుస్తారు, మళ్ళీ ఆ ఆటకు పోకపోతే. సమయానికి ఎవరో ఒకరు ఆపి ఉండాలి, అంతే. ‘ఎవరికి మేడం?’ అన్నాడు. ఎవరికీ కాదన్నాను.

అంటే ఆ రోజు ఎస్తేరు నన్ను ఆపింది. నేను ఈ కాళ్ళ మీద నిలబడి ఉద్యోగం చేస్తున్నానంటే, విజిల్ వేసుకుని పిల్లల వెంట పరుగెడుతున్నానంటే, ఆమె సార్ చెవిలో చెప్పిన ఆ మాట వల్ల.

ఈ సంగతి తెలియగానే మనిషికి ఏం కావాలి? మనసు కరగాలి కదా? తిన్నగా పోయి ఆమె చేతులు పట్టుకోవాలి కదా? నాకు అలా కాలేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నేను మోసిన కోపం అబద్ధమైతే, ఆ కోపంతో కట్టుకున్న నేను ఎవరిని? నా చేతిలోంచి ఆట లాక్కున్నదే కాకుండా, ఇప్పుడు కోపం తెచ్చుకునే హక్కు కూడా లాక్కున్నదా? అన్యాయం చేసినదాన్ని ద్వేషించడం తేలిక. మేలు చేసినదాన్ని ద్వేషించాలంటే లోపల ఇంకెంతో కుళ్ళు కావాలి. ఆ కుళ్ళు నాలో ఉందని ఆ గదిలో తెలిసింది.

తిరుగు రైలులో ప్రసన్న అడిగింది, డాక్టరు ఏమన్నాడని. కిటికీ బయట కంది చేలు పోతున్నాయి. ‘ఏం లేదు బిడ్డా. జర బెణికింది. వాపు తగ్గంగనే ఆడొచ్చు’ అన్నాను. ఆ మాట అంత తేలికగా వచ్చింది. పిల్ల ముఖం వెలిగిపోయింది. తాండూరు స్టేషన్‌లో ఎస్తేరు నిలబడి ఉంది. ఆమెకూ అదే చెప్పాను. రెండు చేతులూ జోడించింది. ఫోటోలు తాండూరు డాక్టరుకు చూపించే పని కూడా నేనే చూసుకుంటానన్నాను. చూపించలేదు.

బడికి కప్పు రావాలని చేశానని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఎంపికలు పిల్లలకు, బడికి కాదు. పైగా నా దగ్గర ఆడేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాకు కావాల్సింది ఒక్కటే. కోర్టు మధ్యలో, అందరూ చూస్తుండగా ఒక కాలు జారాలి. గీత బయట ఎస్తేరు నిలబడి చూడాలి. అంతే కావాలి.

ఎంపికల రోజు ఆమె పని మధ్యలో పర్మిషన్ అడుక్కుని వచ్చింది. బట్టల మీద పొడి అలాగే ఉంది. ప్రసన్న మొదటి కూతలో ఒకరిని తాకి వచ్చింది. రెండో కూతకు పోయే ముందు నావైపు చూసింది. అప్పుడన్నా ఆపొచ్చు. విజిల్ నోట్లోనే ఉంది. తల ఊపాను. పొమ్మని.

అవతలి పిల్ల మడమ పట్టుకుంది. ప్రసన్న ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు. అరుపు విన్నాను. అందరూ ప్రసన్న వైపు పరుగెత్తారు. నేను ప్రసన్నను చూడలేదు. ముందు ఎస్తేరు ముఖం చూశాను.

మీకు నేను చెప్పాల్సింది ఇదే. మిగతాదంతా దీని చుట్టూ ఉన్న మాటలు. ఆ పిల్ల మట్టిలో దొర్లుతుంటే నేను వాళ్ళమ్మ ముఖం చూశాను. ఆ ముఖం పగిలిపోవడం చూశాను. నా కడుపులో ఏదో చల్లబడింది. తీరింది అనుకున్నాను. ఒక్క క్షణం కాదు. ఆటో ఎక్కించేదాకా ఆ తృప్తి నాతోనే ఉంది. ఆటోలో ప్రసన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ‘మేడం, నా కాలు నాకు తెలుస్తలేదు’ అన్నది. అప్పుడు పోయింది ఆ తృప్తి.

హైదరాబాద్ ఆస్పత్రిలో మళ్ళీ ఎమ్మారై తీశారు. ఈసారి ఆ నల్ల పట్టీ లేనే లేదు. తెగిన కొసలు మాత్రం ఉన్నాయి. ఎముకల మధ్య మెత్తలాంటి పొర చినిగింది. గుజ్జు ఒకచోట ముక్కగా ఊడి, కింద ఎముక బయటపడింది. అంతా ఆ ఒక్క పాటుతోనే జరిగిందని అక్కడి డాక్టరు అనుకున్నాడు. మొదటి స్కాన్ సంగతి ఆయన అడగలేదు. బెణికిందని తేలిన ఫోటోలతో ఏం పనిలే అని ఎస్తేరూ అనుకుని ఉంటుంది. అడిగితే ఏం చెప్పాలో నేను సిద్ధంగానే ఉన్నాను. అంత తెలివిగా ఉన్నాను.

ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఎస్తేరు, నేను వరండాలో నేల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం. ఎవరో టిఫిన్ డబ్బా విప్పితే ఉల్లిగడ్డ వాసన వస్తోంది. ఆమె ‘మేడం’ వదిలేసి, చిన్నప్పటిలా పిలిచింది.

“ఒక మాట చెప్తనే. అప్పుడు సార్‌కు నీ మోకాలు సంగతి చెప్పింది నేనే. నీకెరికేనా?”

“ఎరికే.”

“నీ కాలు పట్టి చూసిన గద, లోపల లూజుగ ఊగుతుండె. మా చిన్నమ్మకు గట్లనే అయి, పొలం పనికి పోయి పోయి, ఆఖరికి కుంటిదైంది. నువ్వు గూడ గట్లయితవని మస్తు భయమైంది. అందుకే చెప్పిన.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “అబద్ధం ఎందుకు ఆడాలె. నువ్వు ఆగిపోతే నాకు సీటొస్తదని గూడ ఉండె మనసుల. రెండూ ఉండె. ఏది ముందో నాకే తెల్వది.”

“గంత పాత ముచ్చట ఇప్పుడెందుకే?”

“ఎందుకంటే, గా రెండోది ఉన్నది సూడు, గదే తగిలింది నా బిడ్డకు. నీ కాలు మీద నేను సీటు తీస్కున్న. దేవుడు నా బిడ్డ కాలు తీస్కున్నడు. నా పాపమే ఇది.”

నేను అక్కడే ఉన్నాను. మోచెయ్యి తగిలేంత దగ్గర. నోరు తెరిస్తే చాలు. కాదే, దేవుడు కాదు, నేను తీసుకున్నాను అని ఒక్క మాట. ఆమె తన మనసులోని మురికిని కూడా దాచకుండా తీసి నా ముందు పెట్టింది. నేను ఏం చేశానో తెలుసా? ఆమె వీపు నిమిరాను. ‘ఫికర్ చెయ్యకు’ అన్నాను. అంతకు మించి ఏమీ అనలేదు. ఆమె అన్నదాన్ని కాదని కూడా అనలేదు.

బిడ్డ కాలు విరగ్గొట్టడం కన్నా ఇదే పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది. కాలు ఒక రోజులో పోయింది. ఆ తల్లి నమ్మకం రోజూ ఆమెను తింటోంది. నేను రోజూ తిననిస్తున్నాను.

ప్రసన్న ఇప్పుడు నడుస్తుంది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటుంది. చలికాలం మోకాలు వాస్తుంది. ఈ వయసుకే ముసలివాళ్ళ గుజ్జు అని డాక్టరు అన్నాడట. కబడ్డీ లేదు, ఆట కోటాలో వచ్చే సీటు లేదు. ఇంటర్‌తో చదువు ఆపి తాండూరు బజారులో బట్టల షాపులో పని చేస్తోంది. పొద్దంతా నిలబడే పని. నేను ఒకసారి చీర కొనడానికి పోతే ఎదురొచ్చి, ‘కూసోండ్రి మేడం’ అని తను కూర్చోవాల్సిన స్టూలు నాకు వేసింది. కూర్చున్నాను. లేస్తే ఎందుకు లేచారని అడుగుతుందేమోనని భయపడి కూర్చున్నాను. ఏ రంగు చీర కొన్నానో ఇప్పుడు గుర్తు లేదు.

ఎస్తేరు శుక్రవారాలు ఉపవాసం ఉంటోందట, బిడ్డ కాలు కోసం. నన్ను చూస్తే నవ్వుతుంది. ఇప్పుడు మళ్ళీ దోస్తులమని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. ఆమె నవ్వినప్పుడు నాకు ముందు సిగ్గు రావాలి. రాదు. ముందు కోపం వస్తుంది, ఇప్పటికీ. నన్ను నిలబెట్టినందుకు, పక్కన కూర్చుని నిజం చెప్పగలిగినందుకు, నేను చెప్పలేనిది ఆమె చెప్పగలిగినందుకు. ఆ కోపం వెనక, చాలా వెనక, సిగ్గు వస్తుంది. పగ తీర్చుకుంటే పగ పోతుందని ఎవరన్నారో గానీ, వాళ్ళు తీర్చుకుని ఉండరు.

ఆమెకు చెబుతారా అని మీరు అడుగుతారు. రోజూ అనుకుంటాను. చెబితే ఆమె భుజం మీది బరువు దిగుతుంది, నా ఉద్యోగం పోతుంది, ప్రసన్నకు స్కాన్ గదిలో నేను పట్టుకున్న కాలి వేళ్ళు గుర్తొస్తాయి. ఇందులో ఏది నన్ను ఆపుతోంది? ఉద్యోగమే అనుకుంటాను. గొప్ప కారణం ఏదన్నా వెతికి మీకు చెప్పాలని చూశాను. దొరకలేదు.

క్షమించమని అడగడానికి మీరు ఎస్తేరు కాదు. ఆమె అయినా ఆ మాట అడిగే ముఖం నాకు లేదు. కానీ ఇంతవరకు ఈ మాట నా నోటి నుంచి గాని, చేతి నుంచి గాని బయటికి రాలేదు. ఒక్కసారి పూర్తిగా, తిప్పకుండా అననివ్వండి.

అది ఎస్తేరు పాపం కాదు. దేవుడు చేసింది కాదు. నేను చేశాను.